సంఘం పాటల గదిలో మా పెదనాన్న ‘ద’ దొరికింది

వైజాగ్‌లో బాణీలు కట్టేవాళ్ళ మధ్య ‘సంఘం’ అంటే చాలు, పూర్తి పేరు ఎవరూ వాడరు. డాబాగార్డెన్స్ వైపు ఒక పాత మేడలో రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. స్వరకర్తలు తమ పాటల స్వరాల కాగితాలు ఒక కాపీ దాచుకోడానికి మొదలుపెట్టిన గది అది. తర్వాత్తర్వాత గ్రామఫోన్ రికార్డులు, స్పూల్ టేపులు, క్యాసెట్లు కూడా వచ్చి చేరాయి. సభ్యులు కానివాళ్ళు కూడా వెళ్ళి చూడొచ్చు, వినొచ్చు, ఈ సంగతి ఊళ్ళో సంగీతం నేర్పే మాలాంటివాళ్ళలోనే చాలామందికి తెలీదు. రెండు నెలల్లో నాలుగుసార్లు వెళ్ళొచ్చాను కాబట్టి ఏం బాగుంది, ఏం బాలేదు, వెళ్ళేవాళ్ళు ఏం చూసుకోవాలి అనేది రాస్తున్నా. ముందే చెప్పేస్తున్నా, తప్పకుండా వెళ్ళండి. బాలేనివి కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

నేను వెళ్ళిన పని చిన్నది. మా పెదనాన్న లలితగీతాలకీ నాటకాలకీ బాణీలు కట్టేవారు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఒక గురువుగారి దగ్గర నేర్చుకున్నారు. 1963లో విశాఖలో ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక ఆయన పాటలు కొన్ని రేడియోలో వచ్చాయి, కొన్ని సభల్లో పాడారు, సినిమా దాకా ఏదీ వెళ్ళలేదు. ఆయన పోయాక ఆ నోటుపుస్తకాలన్నీ ఒక ట్రంకు పెట్టెలో సర్ది మా పాతింట్లో పెట్టారు. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను వచ్చిన ఆదివారం, ఆ ఇంటి పైకప్పు రేకులు లేచిపోయి పెట్టె రాత్రంతా వానలో నానింది. అన్నీ ఫౌంటెన్ పెన్ను సిరాతో రాసిన స్వరాలు. తెరిచి చూస్తే పేజీల నిండా నీలం మరకలు తప్ప చదవడానికి ఒక్క అక్షరం లేదు. కరెంటు లేక, మంచినీళ్ళు లేక ఊరంతా అల్లాడుతున్న రోజులవి, ఒక పెట్టె గురించి బాధపడే తీరిక ఎవరికుంది. నాన్న మాత్రం ఆ పుస్తకాలని పక్కింటి డాబా మీద ఎండలో పరిచి, ఆరాక మళ్ళీ అదే వరసలో పెట్టెలో పెట్టారు. ఇప్పటికీ ఉన్నాయి.

అందులో పోయిన పాటల్లో ఒకటి ఆభేరి రాగంలో కట్టిన వాన పాట. నాన్నకి పల్లవి, మొదటి చరణం గుర్తున్నాయి. ఆయన కూనిరాగం తీస్తుంటే నేను వయొలిన్ మీద పట్టుకుని, మా ఇంటికొచ్చే పిల్లలకి ఆరేడేళ్ళుగా అదే నేర్పుతున్నాను. రెండో చరణం మాటలు సగమే ఉన్నాయి, బాణీ అసలే లేదు. ఈ వేసవిలో ఒకప్పుడు ఆర్కెస్ట్రాల్లో తబలా వాయించిన పెద్దాయన ఒకరు ఒక పెళ్ళిలో కలిసి, మాటల్లో ఈ పాట సంగతి వస్తే, “సంఘంలో కాపీ ఇచ్చే ఉంటారమ్మా మీ పెదనాన్న గారు. అప్పట్లో అందరం ఇచ్చేవాళ్ళం. వెళ్ళి అడిగి చూడు” అన్నారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు తలుపు మూసుంది. బోర్డు మీద సాయంత్రం నాలుగు నుంచి ఏడు అని ఉంది, నేను నాలుగున్నరకి వెళ్ళాను, అయిదుంపావుకి తీశారు. ఇది ఒక్క రోజు సంగతి కాదు, నాలుగుసార్లలో రెండుసార్లు ఇంతే. దూరం నుంచి వచ్చేవాళ్ళు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. తలుపు తీసినాయన, అటెండరు, ఎంత మంచి మనిషో. “ఏటమ్మా, చాలాసేపైందేటి వచ్చి? మెట్ల మీద కూకుండిపోయేరు, ఫ్యానేస్తానుండండి” అంటూ లోపలికి తీసుకెళ్ళి ముందు మంచినీళ్ళిచ్చారు. గదిని చూసే పెద్దాయన పోర్టులో ఉద్యోగం చేసి రిటైరైన క్లారినెట్ మాస్టారు. జీతం లేదు, ఇష్టంతో వస్తారు. నిజానికి ఈ గది ఈ ఇద్దరి మీదే నడుస్తోంది.

ఇక వెతకడం. కంప్యూటరు ఉంది కానీ అందులో ఉన్నది సభ్యుల జాబితా మాత్రమే. పాటలు వెతకాలంటే అట్టపెట్టెల్లో కార్డులే. కార్డులన్నీ స్వరకర్త ఇంటిపేరు ప్రకారం అ నుంచి హ దాకా పేర్చి ఉన్నాయి. బాణీ కట్టిందెవరో తెలిస్తే రెండు నిమిషాల్లో దొరుకుతుంది. రాసిన కవి పేరో, పాడినవాళ్ళ పేరో, రాగమో, పల్లవి మొదటి మాటో మాత్రమే తెలిసి వెళ్తే దొరకదు, మాస్టారి జ్ఞాపకం మీద ఆధారపడాల్సిందే. నా పక్కన ఒక కాలేజీ అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ రేడియోలో పాడిన పాట కోసం వచ్చింది, అమ్మమ్మ పేరు తెలుసు, పాట తెలుసు, బాణీ ఎవరిదో తెలీదు. ఉత్తచేతులతో వెళ్ళిపోయింది. ఆ పాట బహుశా అక్కడే ఏదో ఫైల్లో ఉంది. పాడినవాళ్ళ పేరుతో కూడా ఒక వరస కార్డులు ఉండాలి కదా, లలితగీతాన్ని మన జనం గుర్తుపెట్టుకునేది పాడినవాళ్ళ గొంతుతోనే కదా.

మా పెదనాన్నవి పదకొండు కార్డులు దొరికాయి. పదకొండు! ఇంట్లో మాకు ఆరు పాటలే తెలుసు.

వాన పాట కాగితం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఫుల్‌స్కేప్ కాగితం, మధ్యకి ఒక మడత. అది కార్బన్ కాపీ. అసలు తన దగ్గర ఉంచుకుని, కింద కార్బన్ పెట్టి తీసిన నకలు సంఘానికి ఇచ్చారన్నమాట. పైన ఎడమ మూల గుండుసూది గుచ్చిన చోట తుప్పు మరక, సూది తీసేసి ఎన్నేళ్ళయిందో, మరక మాత్రం కాగితం అవతలివైపుకి దిగి చిన్న చిల్లైంది. మన ఊరి ఉప్పుగాలికి స్టేపుల్ పిన్నులు, గుండుసూదులు కాగితాన్ని ఇలాగే తినేస్తాయి. ఇప్పుడు ఇక్కడ పిన్నులన్నీ తీసేసి దారంతో కడుతున్నారు, చాలా మంచి పని. ఆ పైన ‘ఆభేరి, ఆది, ఒకటిన్నర శ్రుతి’ అని రాగం, తాళం, శ్రుతి రాసి ఉన్నాయి. తర్వాత స్వరాలు, వాటి కింద సాహిత్యం. తారస్థాయికి పైన చుక్క, మంద్రానికి కింద చుక్క, ఒక అక్షరం ఆగాలంటే కామా, రెండైతే సెమికోలన్, వేగం రెట్టింపైన చోట పైన అడ్డగీత. చరణంలో ఒక వరస కొట్టేసి పక్కన ఇంకోలా రాశారు. ఆ కొట్టేసిన దాన్ని కూడా చదవొచ్చు. ముందు నిషాదం దాకా తీసుకెళ్ళి ఆపేశారు, మార్చాక పై షడ్జం తాకి కిందకి దింపారు. ‘మబ్బు’ అనే మాట దగ్గర. ఆ మార్పు చూశాక నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. మా పెదనాన్న పక్కన కూర్చుని పాట కడుతుంటే చూసినట్టే అనిపించింది.

రెండో చరణం దొరికింది, నా పని అయిపోయింది అనుకున్నా. రాసుకుని లేవబోతుంటే మాస్టారు కాగితం వెనక్కి తిప్పి చూపించారు. మూలలో ఎర్ర పెన్సిల్‌తో ‘టే. 41’ అని ఉంది. “దీనికి టేపు ఉందమ్మా. వినకుండా వెళ్తావా?” అన్నారు. ఆ రోజు ఏడైపోయింది, మళ్ళీ వచ్చే ఆదివారం పొద్దున్న వెళ్ళాను.

స్పూల్ టేపు నడుస్తుండగా దగ్గరగా చూడ్డం నాకదే మొదటిసారి. ఏడంగుళాల చుట్ట, సెకనుకి ఏడున్నర అంగుళాల వేగంతో నడిస్తే ఒక వైపు అరగంట పాట వస్తుంది. సంఘం వార్షికోత్సవ సభలో తీసిన రికార్డింగు. మాస్టారు పెట్టె తెరిచి ముందు వాసన చూశారు. పుల్లటి వెనిగర్ వాసనొస్తే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన టేపు చెడిపోవడం మొదలైనట్టు. తర్వాత చుట్టని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకున్నారు, వెలుతురు లోంచి కనిపిస్తే అది అసిటేట్, కనిపించకపోతే పాలియెస్టర్. ఇది ఎందుకు చూడాలంటే, చెమ్మ పీల్చి జిగురెక్కిన కొన్ని రకాల పాలియెస్టర్ టేపుల్ని సుమారు 50 డిగ్రీల పొడి వేడిలో గంటల తరబడి ఉంచితే కొన్నాళ్ళపాటు మళ్ళీ మోగుతాయి, అదే పని అసిటేట్‌కి చేస్తే ఉన్నది కూడా పోతుంది. జిగురెక్కిన టేపులకి ఇక్కడ ఎర్రదారం కట్టి ‘వేయరాదు’ అని చీటీ పెట్టారు. ఎవరెంత బతిమాలినా వెయ్యరు. నా కళ్ళముందే ఒకాయన గట్టిగా వాదించాడు, మాస్టారు ఒప్పుకోలేదు. ఆయనదే సరైన పద్ధతి. జిగురు టేపుని మిషన్ మీదికి ఎక్కిస్తే పైన ఉన్న గోధుమరంగు పూత ఊడి వచ్చేస్తుంది, పాట ఉన్నది ఆ పూతలోనే.

41వ టేపు బాగానే ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ముందు జనం దగ్గులు, కుర్చీల చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో చాలా సన్నగా, పక్క వీధిలోంచి వస్తున్నట్టు, పాట మొదటి మాట వినిపించింది. తర్వాత క్షణం అసలు పాట మొదలైంది. ఏళ్ళ తరబడి చుట్ట అలాగే ఉండిపోతే ఒక పొరలో ఉన్న శబ్దం పక్క పొరకి అంటుకుంటుందట, అందుకే పాటకి ముందు పాట నీడ వినిపిస్తుంది. ఇది తగ్గాలనే ఇక్కడ టేపు విన్నాక వెనక్కి తిప్పి పెట్టరు, చివరి కొస బయటికి ఉండేలా అలాగే దాచి, మళ్ళీ వేసేముందు తిప్పుతారు. అలా ఉంచితే ఆ నీడ పాటకి వెనకపడి అందులో కలిసిపోతుంది. ఇంత శ్రద్ధ ఉన్న చోటు గనకే రాస్తున్నా ఇదంతా.

పాడిన ఆవిడ గొంతు బాగుంది, హార్మోనియం పెదనాన్నదే అని మాస్టారు చెప్పారు. పల్లవి రెండో వరసలో అవరోహణ దిగుతూ ‘ద’ దగ్గరికి వచ్చేసరికి నా గుండె ఆగినంత పనైంది. నేను ఆరేడేళ్ళుగా పిల్లలకి నేర్పుతున్న ‘ద’ కాదది.

సంగీతం తెలియనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్తాను. మన స్వరలిపిలో ‘ద’ అని ఒకటే అక్షరం రాస్తాం, కానీ ధైవతాలు మూడు, శుద్ధ, చతుశ్రుతి, షట్శ్రుతి. అది ఏ ధైవతమో రాగం పేరుని బట్టి తెలుసుకోవాలి. ఆభేరి అంటే ఇప్పుడు అందరం పాడేది ఖరహరప్రియ అనే రాగం నుంచి పుట్టింది, చతుశ్రుతి ధైవతం. నాన్న పాడిందీ అదే, నేను నేర్పిందీ అదే. కాగితం మీద ‘ఆభేరి’ అని చూడగానే ఇంకో ఆలోచనే రాలేదు నాకు. కానీ టేపులో ఉన్నది శుద్ధ ధైవతం. పంచమానికి ఆనుకుని ఉండే స్వరం, వయొలిన్ మీద ప మోగే ఖాళీ తీగకి పక్కనే వేలు పడుతుంది. ఒక్క స్వరం మారేసరికి పాట మొత్తం ఇంకోలా అయిపోయింది. నేను నేర్పిన వాన పాట హాయిగా ఉండేది. పెదనాన్న కట్టిన వాన పాటలో దిగులుంది. మాటలు ఇప్పుడు చదివితే అవీ దిగులు మాటలే, వాన రాక ఎదురుచూసే పాట అది.

పాత సంప్రదాయంలో ఆభేరి అంటే ఇదే. సుబ్బరామ దీక్షితులు గారు 1904లో ఎట్టయాపురం నుంచి తెలుగు లిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే పుస్తకంలో ఆభేరిని 20వ మేళం, అంటే మూల రాగం, నారీరీతిగౌళ కింద పెట్టారు, అంటే శుద్ధ ధైవతం. ఆ పుస్తకంలో గమకాలకి, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరులకి కూడా విడివిడిగా గుర్తులు పెట్టి అచ్చు వేశారు, తెలుగు అక్షరాల్లో అంత వివరంగా సంగీతం రాసిపెట్టిన మనుషులు నూటికి పైగా ఏళ్ళ కిందటే ఉన్నారు. పెదనాన్నకి ఆ ఆభేరి గురువుగారి దగ్గర్నుంచి వచ్చి ఉంటుంది. విజయనగరం కళాశాల 1919లో మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారు, ఘంటసాల గారు అక్కడే చదువుకున్నారు. ఇక్కడి ఫైళ్ళలో ఉన్న కాగితాలు తిరగేస్తే ఆ బడి చేతిరాత తెలిసిపోతుందని మాస్టారు అంటారు, తాళం గుర్తులు వేసే తీరుని బట్టి.

నేను ఈ గదిని ఇంతగా మెచ్చుకోడానికి కారణం ఆ ఎర్ర పెన్సిల్ రాతే. కాగితం ఒక్కటే దొరికి ఉంటే నేను రెండో చరణాన్ని కూడా తప్పు ధైవతంతో నేర్పేసేదాన్ని, అదీ కాగితం చూసి సరిగ్గా నేర్పుతున్నానన్న ధీమాతో. టేపు ఒక్కటే దొరికి ఉంటే, ఆ పాడినావిడ రెండో చరణంలో ఒక వరస వదిలేశారు, సభలో టైము లేకో మర్చిపోయో, ఆ వరస ఎప్పటికీ తెలిసేది కాదు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే పాట పూర్తయింది. ఎప్పుడో ఎవరో ఒక సభ్యుడు ఆ రోజు సభలో కూర్చుని, తర్వాత గదికొచ్చి, ఏ కాగితానికి ఏ టేపో వెతికి రాసి పెట్టారు. ఎవరో మాస్టారికి కూడా తెలీదు.

బాధ ఏంటంటే, ఆ రాత అన్ని కాగితాల మీదా లేదు. పెదనాన్నవి పదకొండులో మూడింటికే ఉంది. కార్డుల మీద అసలు లేదు. కాగితాలు ఒక బీరువాలో, టేపులు చిన్న గదిలో, రికార్డులు ఇంకో చోట, దేని నంబరు దానిదే. ఈ గదికి ఎవరైనా డబ్బు సాయం చేస్తే మొదట చేయాల్సింది ఇదే అని నా గట్టి అభిప్రాయం. కొత్త బీరువాలు తర్వాత కొనొచ్చు, స్కానింగ్ తర్వాత చేయించొచ్చు. పాతవాళ్ళు ఉండగానే వాళ్ళని కూర్చోబెట్టి ఏ కాగితానికి ఏ టేపో కలిపించాలి. టేపు విని “ఇది ఫలానావారి పాట” అని చెప్పగలిగే చెవులు ఈ ఊళ్ళో ఇంకెన్నేళ్ళు ఉంటాయి?

డిజిటైజేషన్ విషయంలో ఒక దెబ్బ తిన్నారు కూడా. కొన్నేళ్ళ కింద ఒక స్టూడియోకి కొన్ని టేపులు, కొన్ని రికార్డులు ఇచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించమన్నారు. వాళ్ళు అన్నీ ఎంపీత్రీలు చేసి, ఫైళ్ళకి ట్రాక్ 1, ట్రాక్ 2 అని పేర్లు పెట్టి ఒక పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేశారు. పెట్టెల మీద రాసి ఉన్న వివరాలు ఏవీ ఎక్కించలేదు, పాటకి ముందు సభలో పరిచయం చేసిన మాటలు కత్తిరించేశారు, పాట ఎవరిదో తెలిసేది ఆ మాటల్లోనే. ఒక రికార్డు అంచు విరిగి తిరిగొచ్చింది. ఎంపీత్రీ అంటే సైజు తగ్గించడానికి శబ్దంలో కొంత తీసి పారేసేది, దాచుకోడానికి పనికిరాదు, దాచేదైతే 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో వేవ్ ఫైలుగా ఎక్కించి, వినేవాళ్ళకి కావాలంటే దాన్నుంచి ఎంపీత్రీ తీసుకోవాలి. ఇప్పుడు సౌండ్ ఇంజినీరింగ్ చదివిన ఒక కుర్రాడు ఆదివారాలు వచ్చి తన రికార్డరుతో ఆ పద్ధతిలో ఒక్కొక్క టేపే ఎక్కిస్తున్నాడు. నెమ్మదిగా సాగుతోంది కానీ సరిగ్గా సాగుతోంది.

గ్రామఫోన్ రికార్డుల మీద ఇష్టం ఉన్నవాళ్ళకి ఇక్కడ మంచి అరలే ఉన్నాయి. సాలూరు రాజేశ్వరరావు గారు, రావు బాలసరస్వతీదేవి గారి కాలం నాటి ప్రైవేటు పాటల, అంటే సినిమావి కాని పాటల, రికార్డులు ఇళ్ళల్లోంచి తెచ్చి ఇచ్చినవాళ్ళు చాలామంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు, ఒక వైపు మూడు నిమిషాలు. అందుకే ఆనాటి పాటలు చాలావరకు మూడు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పేసేవి. అన్నిటినీ నిలబెట్టి ఉంచారు, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టలేదు. 78 రికార్డుకి గాడి వెడల్పు, తర్వాత వచ్చిన లాంగ్‌ప్లే రికార్డుకి, అంటే ఎల్పీకి, గాడి సన్నం. ఎల్పీ సూదితో 78 వేస్తే ఆ సూది గాడి అడుగున పడి గరగరే ఎక్కువ వినిపిస్తుంది. ఇక్కడ రెండిటికీ వేర్వేరు సూదులు ఉన్నాయి, రికార్డు మార్చినప్పుడల్లా మాస్టారు సూది కూడా మారుస్తారు.

ఇంట్లో పాత రికార్డులున్నవాళ్ళకి ఒక్క మాట, ఇది అక్కడే నేర్చుకున్నా. 78 రికార్డుని స్పిరిట్‌తో తుడవకండి. అందులో ఉండేది లక్క, ఏటికొప్పాక బొమ్మలకి పూస్తారే ఆ లక్కే, దాన్ని మెత్తటి రాతిపొడితో కలిపి అచ్చు పోస్తారు. స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోతుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము తీసి, మరీ అవసరమైతే లేబుల్ తడవకుండా డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి ఆరబెట్టాలి. నాకు తెలిసిన ఒకరింట్లో అందరూ కలిసి స్పిరిట్ పెట్టి నలభై రికార్డులు మెరిసేలా తుడిచారు, ఇప్పుడు ఒక్కటీ మోగదు. కాగితాల మధ్య కలరా ఉండలు, వేపాకు పెట్టే అలవాటు మనకుంది. రామబాణం పురుగు కాస్త తగ్గుతుందేమో గానీ, వేపాకు సరిగ్గా ఎండకుండా పెడితే అదే చెమ్మ, అదే మరక. ఇక్కడ సిలికా జెల్ పొట్లాలు పెడుతున్నారు. కాకపోతే ఏసీ సాయంత్రం గది తెరిచినప్పుడే వేస్తారు, మూశాక ఆపేస్తారు. కరెంటు బిల్లు సంగతి అర్థం చేసుకోగలను. కానీ మూడు గంటలు చల్లబడి మళ్ళీ ఇరవయ్యొక్క గంటలు ఉక్కబోసే గదిలో కాగితం, టేపు రెండూ రోజూ సాగి ముడుచుకుంటాయి. అసలు ఏసీ లేకుండా ఒకే తీరుగా ఉండే గది అంతకన్నా నయం. గాలిలో చెమ్మ లాగేసే డీహ్యూమిడిఫయరు ఒకటి ఎవరైనా కొనిస్తే బాగుండు, సముద్రం పక్క ఊళ్ళో అంతకన్నా అవసరమైన వస్తువు ఈ గదికి లేదు.

కాపీలు తీసుకునే విషయంలో కొంచెం టెన్షన్ పడ్డాను, అది కూడా చెప్తా. ఫోన్‌తో ఫోటో తీయనివ్వరు. రాసుకోవచ్చు. జిరాక్స్ కావాలంటే స్వరకర్త వారసుల నుంచి ఉత్తరం తేవాలి. మొదట కోపమొచ్చింది, నేను ఆయన తమ్ముడి కూతుర్నే కదా అని. మాస్టారు కూర్చోబెట్టి చెప్పాక సబబే అనిపించింది. బాణీ మీద హక్కు కట్టినాయన బతికున్నన్నాళ్ళూ, పోయాక ఇంకో 60 ఏళ్ళూ ఉంటుంది. అసలు ఈ గది పుట్టిందే హక్కు కోసమట. 1957 నాటి కాపీరైట్ చట్టంలో సంగీత రచన అంటే కాగితం మీద రాసిందో అచ్చయిందో అయి ఉండాలి. నోటితో కట్టి నోటితో నేర్పిన బాణీ ఎంత గొప్పదైనా, రాసి లేకపోతే చట్టం కంట్లో అది లేనట్టే. 1994లో సవరణ వచ్చాకే ఆ షరతు పోయింది. అందుకని పాతవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుని, హార్మోనియం మీద కట్టిన ప్రతి బాణీని స్వరం రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇక్కడ ఇచ్చేవారు. చట్టం కోసం రాసిన ఆ కాగితమే ఇన్నేళ్ళకి నా చేతికొచ్చింది. ఉత్తరం మాత్రం మా పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, హైదరాబాద్ నుంచి రాసి పంపాడు, మర్నాడే జిరాక్స్ ఇచ్చారు, పేజీకి రెండు రూపాయలు. ఆ ఉత్తరంలో ఏం రాయాలో, ఎవరెవరు రాయొచ్చో గోడ మీద అంటిస్తే నాలాంటివాళ్ళకి ఒక ప్రయాణం తగ్గుతుంది, ఆ మాట రిజిస్టరులో రాసి వచ్చాను.

ఇంకా చిన్నచిన్నవి. కూర్చోడానికి ఒకటే బల్ల, నలుగురొస్తే ఇద్దరు నిలబడాలి. హెడ్‌ఫోన్లు ఒక్క జతే. బాత్‌రూమ్ కింది అంతస్తులో ఉంది, తాళం అటెండరు దగ్గర ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు, ఏమీ అనరు, పైగా మురిసిపోతారు.

నాలుగోసారి నాన్నని, నా దగ్గర నేర్చుకునే ఇద్దరమ్మాయిల్ని తీసుకెళ్ళాను. నాన్నకి 78 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి, రెండు అంతస్తులు ఎక్కడానికి పావుగంట పట్టింది. అటెండరు సగం మెట్ల దగ్గరికి కుర్చీ తెచ్చి వేశారు. పైకెళ్ళాక హెడ్‌ఫోన్లు నాన్నకి పెట్టాం. పాట నీడ వినిపించే చోట ఆయన తలెత్తి నా వైపు చూశారు, ‘ద’ దగ్గర కళ్ళు మూసుకున్నారు. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి, “ఇదేరా, ఇలాగే పాడేవాడు అన్నయ్య. రేడియోలో వేరే ఆభేరి విని విని నేనే మార్చేసుకున్నాను. నీకూ తప్పే చెప్పాను” అన్నారు. పిల్లల్లో ఒకమ్మాయి వయొలిన్ తెచ్చుకుంది, మాస్టారు ఆ ఒక్క వరస వాయించమంటే కొత్త ‘ద’తో మూడుసార్లు వాయించింది, మూడోసారికి సరిగ్గా పడింది. నాన్న టేపు ఇంకోసారి వేయమన్నారు. ఒక టేపుని ఒక రోజులో ఒక్కసారే వేస్తారు, అది ఇక్కడి నియమం, మాస్టారు చాలా ఇబ్బంది పడుతూనే కుదరదన్నారు. వచ్చే ఆదివారం ఆ కుర్రాడు రికార్డరు తెచ్చి 41వ టేపు ఎక్కిస్తాడు, పొద్దున్న పదింటికి. నాన్న ఇప్పట్నుంచే మెట్ల లెక్క చెప్తున్నారు, ముప్ఫై ఆరట.